స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి విన్న చప్పుళ్ళు

రోహిణి కార్తె వెళ్ళిపోతున్న రోజులు. రాత్రి గాలివాన లేచింది, కరెంటు పోయింది, రెండు నిమిషాలకే వచ్చింది, మళ్ళీ పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యాన్ ఆగలేదు, నాకు మెలకువ రాలేదు. మా ఆవిడే లేపింది.

"ఏమండీ, పక్కగదిలో గడియారం ఏదో గట్టిగా కొట్టుకుంటోంది. వినండి."

పక్కగదిలో గడియారం లేదు. అటక కింద, అమ్మ కుట్టుమిషను పక్కన ఒక నల్ల క్యాబినెట్ ఉంటుంది. అందులో నాలుగు హార్డ్ డిస్కులు. ఇంట్లో ఎవరు ఏ ఫోటో తీసినా, ఏ కాగితం స్కాన్ చేసినా చివరికి చేరేది అక్కడికే. పిల్లలు దాన్ని సర్వర్ అంటారు. మా ఆవిడ "మీ పెట్టె" అంటుంది.

టిక్... టిక్... టిక్. కాసేపు ఆగి, గిర్రున తిరిగే చప్పుడు సన్నబడి, మళ్ళీ లేచి, మళ్ళీ టిక్... టిక్.

వెళ్ళి ఒక్కో డిస్క్ మీద వేలు పెట్టి చూశాను. మూడోది. లైటు వేయక్కర్లేకపోయింది. ఆ చప్పుళ్ళు వినే ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది గానీ చెవి మాత్రం మానలేదు. వంటింటి డ్రాయర్‌లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన డిస్క్ మూతకు, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. అలవాటే ఆమెకు.

నాకు మాత్రం వేడెక్కిన దుమ్ము వాసన, దానిలో కలిసిన సోల్డరింగ్ పొగ, ఇరానీ చాయ్ అన్నీ ఒక్కసారి ముక్కుకు తగిలాయి.

* * *

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే తెలియని కంప్యూటర్ వాడు ఆ రోజుల్లో మా ఊళ్ళో లేడు. అందరి నోట్లో సీటీసీ. అందులో ఒక చిన్న షాపులో నా మొదటి ఉద్యోగం. డిప్లొమా సర్టిఫికెట్ ఇంట్లో ఫ్రేము కట్టించారు, షాపులో మాత్రం నాకిచ్చిన మొదటి పనిముట్టు బ్రష్షు. సీపీయూలు తెరిచి దుమ్ము దులపడం. బల్లులు, బొద్దింకలు, ఒకసారి ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే లోపలికి కరెంటు ఇచ్చే డబ్బాలో, చిట్టెలుక సంసారం.

షాపు నడిపేది సేఠ్ అయినా, షాపుకి ప్రాణం భాయ్. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్ళు, సేఠ్‌తో సహా. అంతకుముందు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. చదువు పెద్దగా లేదు. ఆయన కూర్చునే బల్ల మీద కరెంటు బోర్డుకి నాలుగు పిన్నుల పవర్ కేబుళ్ళు వేలాడుతూ ఉండేవి, ఊరగాయ జాడీ పక్కన గరిటెల్లా. ఎవరైనా డిస్క్ తెస్తే ముందు దాన్ని కంప్యూటర్‌కి తగిలించేవాడు కాదు. పవర్ మాత్రమే ఇచ్చి, స్క్రూడ్రైవర్ మొన దాని మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాడు.

"సున్ బేటా. ముందు మోటార్ లేస్తది. ఊఁ... అని. తర్వాత హెడ్లు బయటికొస్తయ్. టక్. తర్వాత తన ఇల్లు వెతుక్కుంటది, కిరకిర. అప్పుడు నిమ్మళం. ఈ వరస తప్పితే బీమార్."

అప్పటికి నాకు తెలిసింది పుస్తకంలో బొమ్మ మాత్రమే. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరిగే పళ్ళెం, దానికి తగలకుండా వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలే హెడ్డు. నిమిషానికి 7,200 అంటే సెకనుకి 120 చుట్లు. ఆ పళ్ళెం మీద దారి చూపించే గుర్తులు రాసి ఉంటాయి. హెడ్డుకి అవి కనపడకపోతే వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి వెతుకుతుంది. ఆ వచ్చిపోవడమే టిక్ టిక్. భాయ్ దానికి పెట్టిన పేరు వేరే. "ఇల్లు మర్చిపోయింది, పాపం" అనేవాడు. మా తాతయ్యకి చివరి రోజుల్లో మతిమరుపు వచ్చి సందు చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుండేవాడు, అందుకేనేమో ఆ మాట నాలో ఉండిపోయింది.

కొత్త డిస్క్ బిగించడం ఒక క్రతువు. బూడిదరంగు రిబ్బన్ కేబుల్, దాని ఎర్ర అంచు ఎటు రావాలో చూసుకోవాలి. మాస్టరా స్లేవా అని వెనక చిన్న జంపర్ పట్టకారుతో మార్చాలి. అది చేయి జారి కిందపడితే షాపంతా మోకాళ్ళ మీద. ఫ్లాపీ పెట్టి, ఎఫ్‌డిస్క్ కొట్టి, ఒక్కో భాగం 2 జీబీ దాటకుండా ముక్కలు చేసి, ఫార్మాట్ పెడితే స్క్రీన్ మీద అంకె ఒక్కో శాతం పెరుగుతూ ఉండేది. ఆ అంకె ఎక్కడైనా ఆగి డిస్క్ గర్ గర్‌మంటే అందరం తలెత్తేవాళ్ళం. బ్యాడ్ సెక్టార్లు, అంటే పళ్ళెం మీద చెడిన చోట్లు. కస్టమర్ ముఖంలో టెన్షన్. భాయ్ మాత్రం చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, "దాటుతది, దాటుతది" అనేవాడు. కొన్నిసార్లు దాటేది.

దసరాకి ఆయుధపూజ. ప్రతి సీపీయూకి పసుపు, కుంకుమ, పక్కన నిమ్మకాయ. భాయ్ కూడా నిలబడి చేతులు కట్టుకుని చూసేవాడు. ఒకే ఒక్క విన్నపం ఆయనది: "పంకా దగ్గర కుంకుమ పెట్టకండిరా, లోపలికి లాక్కుంటది." ఎవరూ వినేవాళ్ళు కాదు. కార్తీక మాసంలో తెరిచిన ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ ఎర్రటి పొడి.

* * *

ఉగాదికి నెల ముందు అనుకుంటా. చిక్కడపల్లి వైపు డీటీపీ నడిపే పెద్దాయన ఒకాయన డిస్క్‌ని తువ్వాలులో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. పంచాంగం. ఏటా సిద్ధాంతిగారు కాగితాల మీద రాసిచ్చేది ఈయన పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లలో కంపోజ్ చేసి ప్రెస్సుకి ఇస్తాడు. ఐదు వేల కాపీలకు అడ్వాన్స్ తీసుకున్నాడట. డిస్క్ టిక్ టిక్‌మంటోంది.

"బ్యాకప్ లేదా బాబాయ్?" అన్నాను.

జేబులోంచి ఫ్లాపీలు తీశాడు. ఒక్కోటి 1.44 ఎంబీ, పైన స్కెచ్ పెన్నుతో 'పంచాంగం 1', 'పంచాంగం 2'. అందులో రెండింటికి బూజు పట్టింది. ఒకటి బాగానే ఉంది గానీ పోయినేడాదిది.

భాయ్ విన్నాడు. చాలాసేపు విన్నాడు. "రాత్రికి ఉంచి పొండి" అన్నాడు.

ఆ రాత్రి జరిగింది ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారు. డిస్క్‌ని రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి లేకుండా చుట్టి, భాయ్ ఇంట్లో ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్లో పెట్టాం. పక్కన ఖుర్బానీ మాంసం. చల్లబడితే లోపలి లోహం సంకోచించి, బిగుసుకున్నది కాసేపు వదులుతుందని నమ్మకం. బయటికి తీశాక లోపల తేమ పడితే ఉన్నది కూడా పోతుంది. అందుకే అన్నీ సిద్ధం చేసుకుని, తీసిన వెంటనే తగిలించాలి. మూడు గంటల తర్వాత తీశాం. లేచింది. ఎక్స్‌కాపీ అనే కాపీ కమాండ్ పెట్టాను, తప్పు వచ్చినా ఆగకుండా ముందుకెళ్ళేలా. అయినా మధ్యలో స్క్రీన్ మీద అడిగేది: అబార్ట్, రిట్రై, ఫెయిల్? నేను ఆర్ కొట్టడం. మళ్ళీ అడగడం. మళ్ళీ ఆర్. పదిహేను నిమిషాలు ఆడి ఆగిపోయింది. మళ్ళీ ఫ్రీజర్. మళ్ళీ ఆర్. తెల్లారేదాకా అదే. భాభీ మధ్యలో లేచి ఫ్రిజ్ తలుపు తీసి ఒక్క చూపు చూసి వెళ్ళింది.

పొద్దున పెద్దాయన వచ్చేసరికి లెక్క తేలింది. తిథులు, నక్షత్రాలు దొరికాయి. వర్జ్యాలు, దుర్ముహూర్తాలు పోయాయి.

పెద్దాయన ఒక్క క్షణం గోడకేసి చూసి, "అంటే ఈ ఏడు అన్నీ మంచి రోజులే అన్నమాట" అన్నాడు. భాయ్ నవ్వాపుకోలేక చాయ్ మీద పోసుకున్నాడు. తర్వాత వారం రోజులు ఆ పెద్దాయన, ఆయన కొడుకు కూర్చుని వర్జ్యాలన్నీ మళ్ళీ టైపు చేశారు. పంచాంగం వచ్చింది. మాకో కాపీ ఇచ్చాడు. షాపులో మేకుకి తగిలించాం.

ఫ్రీజర్ సంగతి చదివి ఎవరూ ఇప్పుడు ఆ పని చేయకండి. అప్పటి డిస్కులు వేరు, మాకప్పుడు తెలిసింది అంతే.

* * *

వేసవి సెలవుల తర్వాత బళ్ళు తెరిచేటప్పుడు మాకు గిరాకీ. కరీంనగర్ వైపు ఒక ఊళ్ళో ప్రైవేటు బడి. కంప్యూటర్ ల్యాబ్ అని బోర్డు, లోపల ఎవరో దానమిచ్చిన పాత మిషన్లు పన్నెండు, ఒక్కోదానికి ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కవరు. ఏప్రిల్‌లో బాగా నడిచినవి జూన్‌లో ఐదు లేవడం లేదు. హెడ్‌మాస్టర్‌గారికి అర్థం కావట్లేదు: "ఎవరూ ముట్టుకోలేదు బాబూ, తాళం వేసి ఉంచాం."

అదే గొడవ. పాత డిస్కుల్లో ఆగినప్పుడు హెడ్డు వచ్చి పళ్ళెం మీదే కూర్చుంటుంది. రెండు అద్దం ముక్కలు తడిగా అంటుకుపోయినట్టు, నెలల తరబడి కదలకపోతే అంటుకుపోతుంది. మోటారుకి దాన్ని ఊడదీసే బలం ఉండదు. భాయ్ నేర్పిన వైద్యం: డిస్క్‌ని అరచేతిలో పరుపుగా పట్టుకుని, పవర్ ఇచ్చిన క్షణంలో మణికట్టుతో ఒక్క తిప్పు, తాళం తిప్పినట్టు. కొట్టకూడదు, విదిలించకూడదు, తిప్పాలి. ఐదింటిలో మూడు లేచాయి. లేచిన ప్రతిసారీ వెనకనుంచి పిల్లల చప్పట్లు. హెడ్‌మాస్టర్‌గారు నా చేతికేసి చూసిన చూపు నాకు ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ ఎవరూ చూడలేదు.

వాడకుండా దాచిపెట్టిన డిస్క్ భద్రంగా ఉన్నట్టు కాదని నాకు తెలిసింది ఆ ల్యాబులోనే. అయినా ఇప్పటికీ మా బీరువాలో మూడేళ్ళుగా ముట్టని ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటుంది. తెలియడం వేరు, చేయడం వేరు.

* * *

భాయ్ దగ్గర ఒక పొడుగు పద్దుల పుస్తకం ఉండేది. ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి. ఏ డిస్క్ ఎప్పుడు అమ్మాం, ఎప్పుడు తిరిగొచ్చింది, ఏ చప్పుడు చేసింది. ఒక ఏడాది ఒకే కంపెనీ, ఒకే మోడల్ డిస్కులు వరసగా తిరిగిరావడం మొదలైంది. పేరెందుకులెండి. వారంటీ కోసం పంపితే అదే మోడల్ వేరేది ఇచ్చేవాళ్ళు, అది కూడా వచ్చేది. కౌంటర్ కింద ఇటుకల్లా పేర్చాం. కస్టమర్లు సేఠ్‌ని తిట్టి, సేఠ్ భాయ్‌ని తిట్టి, భాయ్ ఎవర్నీ తిట్టకుండా పుస్తకంలో గీతలు పెట్టుకునేవాడు.

ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తూ అన్నాడు: "చూడు. పాతవి పోతయ్ అంటరు. ఇక్కడ కొత్తవి పోతున్నయ్. చప్పుడు చేసేవి పోతయ్ అంటరు. సగం ఏ చప్పుడూ చెయ్యకుండనే పోయినయ్. చెవిని నమ్ముకుంటే సగం మునుగుతవ్."

చెవి మీద బతికే మనిషి ఆ మాటంటే నాకు నచ్చలేదు. చాలా ఏళ్ళ తర్వాత, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాక, 2007లో వచ్చిన రెండు పరిశోధన పత్రాలు చదువుతుంటే ఆ పుస్తకమే కళ్ళముందు కనిపించింది. ఒకటి గూగుల్ వాళ్ళది. లక్షకు పైగా డిస్కుల్ని గమనించారు. ఉపరితలం చదువుతుండగా ఒక్కసారి తప్పు పడిన డిస్క్, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు. అంతవరకు భాయ్ చెవి గెలిచినట్టే. కానీ పోయిన డిస్కుల్లో 56 శాతం, తనను తాను పరీక్షించుకుని డిస్క్ ఇచ్చే స్మార్ట్ రిపోర్టులోని నాలుగు ముఖ్యమైన సూచికల్లో ఒక్కటీ కదలకుండానే పోయాయి. ఏ చప్పుడూ చెయ్యకుండనే.

రెండోది కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళది. కంపెనీ కాగితాల్లో సగటు ఆయుష్షు పది లక్షల గంటలు, అంతకంటే ఎక్కువ అని రాస్తారు. పది లక్షల గంటలంటే 114 ఏళ్ళు. ఆ లెక్కన నూటికి ఒకటి కూడా ఏడాదిలో పోకూడదు. నిజంగా వాడినచోట చూస్తే ఏడాదికి 2 నుంచి 4 శాతం మార్చడం మామూలు, కొన్నిచోట్ల 13 దాకా. పసితనం దాటితే మధ్యవయసంతా నిమ్మళమేనన్న నమ్మకాన్నీ ఆ లెక్కలు ఒప్పుకోలేదు. ఏడాది ఏడాదికీ పోయేవి పెరుగుతూనే ఉన్నాయట.

ఆ రోజు సాయంత్రం భాయ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "వాళ్ళకి లక్ష డిస్కులు ఎవరిచ్చిన్రు?" అన్నాడు.

* * *

ఇక నా సొంత ఘనకార్యం.

నాన్నగారు పోయాక ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఆయన హార్మోనియం వాయించిన ఆడియో క్యాసెట్లు, చెల్లెలి పెళ్ళి వీహెచ్‌ఎస్, తాతయ్య షష్టిపూర్తి. ఆదివారాలు రెండు మూడు నెలలు. పాత వీసీఆర్ హెడ్డు స్పిరిట్ దూదితో తుడవడం, క్యాసెట్ పెట్టడం, గంటకి గంట అక్కడే కాపలా. వీటన్నిటికీ ఇంట్లోనే ఒక ఫైల్ సర్వర్ కట్టాలని ఆలోచన.

సరిగ్గా అప్పుడే, 2011 చివర్లో, థాయ్‌లాండ్‌లో వరదలు. ప్రపంచంలో హార్డ్ డిస్కుల్లో పెద్ద భాగం తయారయ్యేది అక్కడే. ఫ్యాక్టరీలు నీళ్ళలో మునిగిన ఫోటోలు పేపర్లో వచ్చాయి. నెల తిరిగేలోగా సీటీసీలో ధరలు రెట్టింపు దాకా వెళ్ళాయి. తెలిసిన షాపు కుర్రాడు చెవిలో చెప్పాడు: "అన్నా, ఒకే డబ్బా ఉంది, నాలుగు పీసులు, మళ్ళీ మాల్ ఎప్పుడొస్తదో తెల్వదు." కొనేశాను. ఒక్కోటి 2 టెరాబైట్లు. ఇంటికొచ్చి చూస్తే నాలుగింటి సీరియల్ నంబర్లూ వరసగా ఉన్నాయి. ఎంత ముచ్చటపడ్డానో! కవలలు కాదు, నలుగురు.

రెయిడ్ 5 కట్టాను. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా డేటా పోదు. 6 టెరాబైట్ల జాగా. ధీమా ఎంతంటే, అటక ఖాళీ చేసేటప్పుడు ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్లన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. వాడు కూడా మొదట వద్దన్నాడు, ప్లాస్టిక్‌కి రేటు లేదని.

మూడేళ్ళకి ఒకటి పోయింది. కొత్తది కొనుక్కొచ్చి పెట్టాను. మిగతా మూడింటినీ మొదటినుంచి చివరిదాకా చదివి కొత్తదాన్ని నింపాలి. అంటే 6 టెరాబైట్ల చదువు. అలాంటి డిస్కుల కంపెనీ కాగితంలోనే ఉంటుంది: పన్నెండున్నర టెరాబైట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చని. అదీగాక ఆ మూడూ ఒకే పూట పుట్టినవి, ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే కరెంటు కోతల్లో ముసలివైనవి. మొదటిదానికి వచ్చిన జబ్బు రెండోదానికి రాకుండా ఎందుకుంటుంది? సాయంత్రం దాకా 70 శాతం నిండింది. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తాళం తీస్తుంటేనే వినిపించింది. టిక్... టిక్.

ఫోటోలు విడిగా ఇంకో డిస్క్‌లో ఉన్నాయి, ఆడియో కూడా. వీడియోలు మరీ పెద్దవని "తర్వాత చేద్దాం" అనుకున్నాను. నాలుగింటిలో ఒకటి పోతే తట్టుకోవడం వేరు, రెండో ప్రతి ఉండటం వేరు అని పదిమందికి చెప్పినవాణ్ణి. రికవరీ చేస్తామన్నవాళ్ళు మా ఆవిడ గాజుల ధర చెప్పారు, గ్యారంటీ లేదన్నారు.

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. ఏలూరులో ఉంటుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే అన్నయ్యా, పెళ్ళికొడుకు ఉన్నాడుగా. క్యాసెట్టు పోతే పోయింది" అంది. నవ్వింది కూడా. కానీ ఆ క్యాసెట్లో నాన్నగారు దాని కాళ్ళకి పారాణి పెట్టే అమ్మలక్కల పక్కన నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకుంటారు. ఆయన కదులుతూ కనపడేది ఆ ఒక్క వీడియోలోనే. అది ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అనలేదు.

ఆర్నెల్ల తర్వాత బావగారి మేనత్త ఇంట్లో టీవీ స్టాండు కింద, పెళ్ళివాళ్ళు అప్పట్లో పంచిన వీడియో సీడీలు దొరికాయి. రెండు. ఒకదాని మీద పిల్లలు ఆడుకున్న గీతలు, అది చదవనే లేదు. మొదటిది ఆడింది. జీలకర్ర బెల్లం దాకా ఉంది. తలంబ్రాలు లేవు. నాన్నగారు ఉన్నారు.

దాన్ని చూస్తుంటే చిక్కడపల్లి పెద్దాయన గుర్తొచ్చాడు. తిథులు దొరికాయి, వర్జ్యాలు పోయాయి.

* * *

ఆ తర్వాత కట్టిందే ఇప్పుడున్న పెట్టె. రెండు జతలు, ప్రతి జతలో ఒకదాని బింబం ఇంకొకటి. నాలుగూ నాలుగు వేర్వేరు నెలల్లో, రెండు కంపెనీలవి కొన్నాను. జడ్‌ఎఫ్‌ఎస్ పెట్టాను, సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు 2005లో కోడ్ బయటపెట్టిన ఫైల్ సిస్టం. రాసిన ప్రతి ముక్కకీ ఒక లెక్క కూడా రాసుకుని, చదివేటప్పుడు సరిచూసుకుంటుంది. చెవికి వినపడని జబ్బు కోసం. నెల మొదటి ఆదివారం ఉన్నదంతా ఒకసారి చదివి సరిచూస్తుంది, ఆ రోజు పెట్టెలోని సినిమాలు నత్తనడక. మా ఆవిడ దాన్ని "పెట్టె వ్రతం" అంటుంది. రోజూ రాత్రి రెండింటికి మారినవన్నీ ఏలూరులో చెల్లెలి ఇంట్లో ఉన్న చిన్న పెట్టెకి వెళతాయి. ఆ పెట్టె వాళ్ళ దేవుడి గది అలమారలో ఉంది. వేరే ప్లగ్ పాయింట్ లేదట. దసరాకి బొట్టు పెడుతున్నారేమో అని భయం.

అంచేత ఆ గాలివాన రాత్రి నాకు కంగారు లేదు. రిపోర్టు చూశాను. నడిచిన గంటలు 61 వేల పైచిలుకు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి ఏడేళ్ళు. వేడి 47 డిగ్రీలు. చెడిపోయి మార్చుకున్న సెక్టార్లు సున్నా, తేలకుండా వేలాడుతున్నవి 8. పొద్దునకి 8 కాస్తా 64 అయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఒక్కసారి ఆగి లేచింది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ కూడా వేసి లేదు. ఇన్ని తెలిసినవాడి ఇంట్లో!

కొత్త డిస్క్ కోసం సీటీసీకి వెళ్ళాను. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అయినా వెళ్ళాను. మా షాపు ఉన్నచోట సీసీ కెమెరాల దుకాణం. హార్డ్ డిస్క్ అడిగితే, "ఎన్ని కెమెరాలు సార్?" అన్నాడు కుర్రాడు. ఇళ్ళకి ఎవరూ కొనట్లేదట. లాప్‌టాపుల్లో అన్నీ ఎస్‌ఎస్‌డీలు, తిరగనివి, మూగవి. మెట్ల దగ్గర సోల్డరింగ్ వాసన మాత్రం ఇంకా ఉంది, ఇప్పుడు సెల్‌ఫోన్లవి.

* * *

కొత్తది పెట్టి, జత నిండాక, చచ్చిపోతున్న డిస్క్‌ని సంచిలో వేసుకుని భోలక్‌పూర్‌లో భాయ్ ఇంటికి వెళ్ళాను. చాలా ఏళ్ళయింది చూసి. గడ్డం పూర్తిగా తెల్లబడింది. కుడి చెవిలో మిషను. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం పట్టింది, గుర్తుపట్టాక లేవబోయాడు, నేను కూర్చోబెట్టాను.

డిస్క్ బయటికి తీశాను. ఏమీ అడగలేదు. మనవణ్ణి పిలిచి పాత పవర్ సప్లై ఒకటి తెప్పించాడు. చెవి మిషను తీసి పక్కన పెట్టాడు. స్క్రూడ్రైవర్ పిడి చెవి వెనక ఎముకకి గట్టిగా అదిమి, కళ్ళు మూసుకున్నాడు. గదిలో టిక్ టిక్ మా అందరికీ వినిపిస్తోంది. ఆయనకి వినిపిస్తోందో లేదో.

చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఒకటే హెడ్డు పోయింది. మిగతావి మంచిగున్నయ్" అన్నాడు. "లోపల ఏమున్నది?"

"అన్నీ ఇంకోచోట ఉన్నాయి భాయ్."

"మరెందుకు తెచ్చినవ్?"

జవాబు చెప్పలేకపోయాను. చాయ్ తాగాం. పాత పద్దుల పుస్తకం ఉందా అని అడిగాను. ఇల్లు మారినప్పుడు పోయిందట.

మా పెట్టెలో ఇప్పటికీ 'పంచాంగం' అనే ఫోల్డర్ ఉంది. ఆ రాత్రి కాపీ చేసినప్పుడు ఒక ప్రతి నా దగ్గర ఉండిపోయింది. షాపు డిస్క్ నుంచి నా మొదటి కంప్యూటర్‌కి, అక్కడ్నుంచి సీడీకి, వరసగా ఆరేడు డిస్కులు మారి వచ్చింది. ఒక్క బైటు చెడలేదు. మొన్న ఊరికే తెరవబోయాను. పేజ్‌మేకర్ ఎక్కడుంది ఇప్పుడు? ఏదో తంటాలుపడి లోపలి మాటలు బయటికి లాగితే, ఆ ఫాంటు లేదు కాబట్టి తెలుగు అక్షరాల బదులు పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వరసగా వచ్చాయి. తిథులన్నీ ఉన్నాయి. చదవడానికి రావట్లేదు.

భాయ్ మనవడు ఆ డిస్క్ విప్పుతానన్నాడు. నక్షత్రం మరలు, నా సంచిలో ఉన్న చిన్న స్క్రూడ్రైవరే ఇచ్చాను. మూత తీస్తే లోపల మూడు పళ్ళేలు, అద్దాల్లా. భాయ్ ఒకటి తీసి అందులో తన ముఖం చూసుకుని గడ్డం సవరించుకున్నాడు. అయస్కాంతాలు రెండూ మనవడు తీసుకుని ఫ్రిజ్‌కి అతికించాడు, ఊడదీయడానికి వాళ్ళమ్మ వచ్చింది. రెండు పళ్ళేలు నాకిచ్చారు.

మా ఆవిడ వాటికి దారం కట్టి బాల్కనీలో వేలాడదీసింది, పావురాలు రాకుండా. పొద్దున ఎండ పడితే హాల్లో గోడ మీద రెండు వెలుగు వృత్తాలు నెమ్మదిగా తిరుగుతుంటాయి. మొదటి రెండు రోజులు పావురాలు రాలేదు. ఇప్పుడు ఒకటి వచ్చి సరిగ్గా దాని పక్కనే, రెయిలింగ్ మీద కూర్చుంటోంది.